‘హెచ్‌పీ వీక్’: ఒక కొత్త రొయ్యల రైతు, ఒక వాట్సాప్ గ్రూపు, రెండు అపార్థాలు

నెల్లూరు జిల్లా విడవలూరు మండలం తీరంలో వనామీ రొయ్య సాగుకు కొత్తగా దిగిన ఒక రైతు కేసు ఇది. హెచ్‌పీ అంటే రొయ్యల వాళ్లకు హెపటోపాంక్రియాస్, అంటే రొయ్య లివర్; మోటార్ల వాళ్లకు హార్స్‌పవర్. రొయ్యకు లివర్ బాగా లేదని గ్రూపులో ఎవరో రాస్తే, తన చెరువులో మోటార్ల శక్తి చాలడం లేదని ఆయన అర్థం చేసుకున్నారు. ఆరు రోజుల తర్వాత ఆయన రాసిన ఒక్క మాటను పాత రైతులు వేరే అర్థంలో తీసుకుని, వల వేసి చెరువులోని రొయ్యంతా వెంటనే పట్టేయమన్నారు. వల దిగకుండా ఆగింది కాబట్టి ఇది కేసు స్టడీగా రాయగలుగుతున్నాను. లేకపోతే ఒక నష్టం లెక్కగా మిగిలేది.

నేను కోవూరు నుంచి అల్లూరు వరకు చెరువులు చూసే ఆక్వా టెక్నీషియన్‌ను, ఆ గ్రూపు నిర్వాహకుల్లో ఒకడిని. రైతు అనుమతితోనే రాస్తున్నాను. పేరు, ఊరు, చెరువు ఆనవాళ్లు తీసేశాను.

రైతు నేపథ్యం

ఆయనది మోటార్ వైండింగ్ షాపు. చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల మోటార్లు కాలిపోతే తెచ్చి ఇచ్చేది ఆయనకే. రొయ్యల గురించి ఆయన విన్నదంతా అలా షాపులో కూర్చున్న రైతుల నోటి నుంచి విన్నదే. బావమరిది వేరే వ్యాపారంలోకి వెళ్తూ లీజు చెరువులు రెండు వదిలేస్తుంటే ఈయన తీసుకున్నారు. ఒక్కొక్కటి ఎకరం. ఎకరాకు లక్షా ఇరవై వేల సీడు (రొయ్య పిల్లలు) వేశారు, అంటే చదరపు మీటరుకు సుమారు 30. వనామీకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ అనుమతించే గరిష్ఠం 60. కాబట్టి సాంద్రత విషయంలో ఆయన అత్యాశకు పోలేదు. ఒక్కో చెరువుకు 2 హార్స్‌పవర్ ఏరియేటర్లు రెండు.

గ్రూపులో చేరిన కొత్తలో ఆయన చాలా ప్రశ్నలు అడిగారు. ఆ సందేశాలన్నీ నా దగ్గర ఉన్నాయి. డీవోసీ అంటే ఏమిటన్నా? సీడు వేసిన నాటి నుంచి ఎన్నో రోజు అని జవాబు వచ్చింది. ఏబీడబ్ల్యూ? ఒక్కో రొయ్య సగటు బరువు. ఎఫ్‌సీఆర్? కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత ఖర్చయిందో ఆ లెక్క. పీఎల్ 12 అన్న మాట చూసి అది సీడు పొడవా అని అడిగారు. పోస్ట్ లార్వా దశకు వచ్చి పన్నెండు రోజులైన పిల్ల అని ఎవరో ఓపికగా వివరించారు. ఈ జాబితాలో ఉన్న మాటల వల్ల ఆయనకు పైసా నష్టం రాలేదు. తెలియదని తెలుసు కాబట్టి అడిగారు, అడిగారు కాబట్టి తెలిసింది. హెచ్‌పీ గురించి మాత్రం అడగలేదు. ఎందుకడుగుతారు? అది ఆయనకు అన్నం పెట్టిన మాట.

డీవోసీ 42

అమావాస్య దగ్గర పడిన రోజులు. పొట్టు వదిలే సమయమని రైతులందరూ మేత కాస్త జాగ్రత్తగా వేసుకునే రోజులు. రాత్రి మేత వేసిన రెండు గంటలకు రెండో చెరువులో, రొయ్య మేత తింటోందో లేదో చూసుకునే చెక్ ట్రే ఎత్తి చూస్తే మేత సగం మిగిలింది. నాలుగు రొయ్యలను అరచేతిలో పెట్టుకుని టార్చి వెలుతురులో ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. ఫోటో బాగానే ఉంది. తల భాగంలో ముదురు గోధుమ రంగులో నిండుగా కనిపించాల్సిన హెపటోపాంక్రియాస్ పాలిపోయి కుంచించుకుపోయింది. వీపు మీద సన్నని నల్ల గీతలా ఉండాల్సిన పేగు అక్కడక్కడ తెగినట్టు ఖాళీగా ఉంది.

ఒక కుర్ర టెక్నీషియన్ వెంటనే జవాబు రాశాడు: “అన్నా, హెచ్‌పీ వీక్. గట్ బ్రేక్. ముందు హెచ్‌పీ సెట్ చేసుకోండి, మిగతావి తర్వాత.”

రోగ నిర్ధారణగా ఇందులో తప్పేమీ లేదు. సాగులో ఆరితేరిన వాడికి ఈ మూడు ముక్కలు చాలు. ఆ రాత్రే మేత తగ్గిస్తాడు, తెల్లవారి నమూనా ల్యాబుకు పంపిస్తాడు, నీళ్లు చూసుకుంటాడు. మేత తగ్గించమని ఆ కుర్రాడు విడిగా రాయకపోవడానికి కారణం కూడా అదే. రొయ్యకు లివర్ పాడైతే మేత తగ్గించాలన్నది చెప్పాల్సిన సంగతి అని అతనికి తోచలేదు.

మన రైతు ‘గట్ బ్రేక్’ అంటే ఏమిటని అడిగారు. “మేత సరిగా తీసుకోవడం లేదని” అని జవాబు. ఇక్కడే కథ గట్టిపడింది. మోటార్ల శక్తి చాలడం లేదు, అందువల్ల గాలి అందడం లేదు, అందువల్ల రొయ్య మేత తినడం లేదు. ఎంత చక్కగా అతికిందో చూడండి. ఆయన తీసుకున్న అర్థం తప్పే అయినా, ఆ తర్వాత వచ్చిన ప్రతి మాటా దాన్ని బలపరుస్తూనే పోయింది. గాలి అందితే రొయ్య తింటుంది కనుక మేత తగ్గించాల్సిన పని లేదు. మర్నాడు షాపులో ఉన్న రెండు ఏరియేటర్లు తెచ్చి దించారు. 4 హార్స్‌పవర్ ఉన్న చెరువులో 8 అయింది.

లెక్క వేసి చూద్దాం. ఆ రోజుకు రొయ్య సగటు ఐదున్నర గ్రాములు. లక్ష రొయ్య బతికి ఉందనుకున్నా చెరువులో ఉన్న బరువు ఐదున్నర క్వింటాళ్లు. నాలుగైదు వందల కిలోల రొయ్యకు ఒక హార్స్‌పవర్ చొప్పున మనం వేసుకునే లెక్కలో ఒకటిన్నర సరిపోతుంది. హార్స్‌పవర్ లెక్కలు నాకన్నా ఆయనకే బాగా తెలుసు. తెలియనిది రొయ్య బరువుతో దానికున్న సంబంధం.

గాలి ఎక్కువైతే నష్టమేమిటని అనిపించవచ్చు. గాలితో నష్టం లేదు, ఏరియేటర్లను పెట్టిన చోటుతో వచ్చింది. పాత రెండూ నీటిని గుండ్రంగా తిప్పుతూ బురదను చెరువు మధ్యకు చేర్చేలా పెట్టి ఉన్నాయి. కొత్తవి రెండూ కరెంటు తీగ అందిన గట్టున, సరిగ్గా ఆ మధ్య కుప్పకే ఎదురుగా దించారు. నెలన్నరగా పేరుకున్న మిగులు మేత, పెంట, పొట్టు అన్నీ లేచి నీళ్లలో కలిశాయి. దాని మీద రోజూ పూర్తి మేత. చెక్ ట్రేలో మిగులుతూనే ఉంది, ఆయన ఏరియేటర్లు ఆపకుండా తిప్పుతూనే ఉన్నారు.

డీవోసీ 48

ఆరో రోజు ఉదయం గాలివాటున ఉన్న మూలలో తెల్లటి దారాల్లాంటివి తేలాయి. ఈసారి ఫోటో పెట్టలేదు. రెండో చెరువులో వైట్ వచ్చింది, ఏమి చేయాలని మాత్రం రాశారు.

పది నిమిషాల్లో ఇద్దరు పెద్ద రైతులు జవాబిచ్చారు. ఇద్దరిదీ ఒకటే మాట: పట్టేయి, రాత్రికి ఆగొద్దు. ఇంకొకరు, నీళ్లు కాలువలోకి వదలకు, బ్లీచింగ్ వేసి ఆపు అన్నారు. గ్రూపులో ఉన్న ఒక కొనుగోలుదారు విడిగా ఫోను చేసి బండి పంపుతానన్నారు. అప్పటికి రొయ్య ఏడు గ్రాములు. అంటే 140 కౌంట్, కిలోకు 140 రొయ్యలు. ఆ సైజుకు ధర ఎంత తక్కువో ఈ సాగులో ఉన్నవారికి చెప్పనక్కర్లేదు.

ఆ పెద్దల మీద నాకు ఫిర్యాదు లేదు. వాళ్లు టైగర్ రొయ్య కాలం వాళ్లు. 1994–95లో, పెంకు మీద తెల్ల మచ్చలు వేసే వైట్ స్పాట్ వైరస్ ఈ తీరమంతా తుడిచిపెట్టినప్పుడు చెరువుల దగ్గర ఉన్నవాళ్లు. ఉదయం గట్టు మీదకు రెండు రొయ్యలు వస్తే సాయంత్రానికి వందలు వచ్చిన రోజులు చూశారు. ఆ వైరస్ వచ్చిన చెరువు మూడు నుంచి పది రోజుల్లో ఖాళీ కావచ్చు. గంట ఆలస్యమైతే అంత మేరకు పోయినట్టే. వాళ్లకు వైట్ అంటే వైట్ స్పాట్ ఒక్కటే. వేరే అర్థం వినిపించేంత తీరిక ఆ రోగం వాళ్లకు ఇవ్వలేదు.

2009లో వనామీకి అనుమతి వచ్చాక సాగులోకి దిగిన వాళ్లకు అదే మాట నాలుగు రకాలు. పేగు తెల్లగా మారితే వైట్ గట్. పెంట తెల్లటి దారాలుగా తేలితే వైట్ ఫీకల్. తోక కండ పాలలా మారితే వైట్ మజిల్. ఇవి పోగా వైట్ స్పాట్. నాలుగింటికీ చేయాల్సిన పని వేరు, తొందర వేరు. కుర్రవాళ్లు రోజూ చూసేవి మొదటి రెండే కాబట్టి వాళ్ల నోట వైట్ అంటే అవే. ఒకే గ్రూపులో ఒకే మాట వయసును బట్టి అర్థం మారుతోంది. ఆ సంగతి ఇరువైపులా ఎవరికీ తెలియదు.

నేను సందేశం చూసి ఫోను చేశాను. అడిగింది ఒక్కటే: “తెల్లగా ఉన్నది రొయ్య మీదనా, నీటి మీదనా అన్నా?”

“నీటి మీద సార్. దారాలు దారాలుగా.”

“రొయ్య గట్టుకు వస్తోందా?”

“లేదు సార్. తిండే తినడం లేదు. హెచ్‌పీ కూడా డబుల్ చేశాను.”

డబుల్ చేశానన్న మాట నాకు ఒక క్షణం పట్టింది. లివర్‌ను ఎవరైనా డబుల్ ఎలా చేస్తారు? అప్పుడు గానీ ఆరు రోజుల కథ అంతా బయటికి రాలేదు. బండిని ఆపించి నేను వెళ్లేసరికి వల గట్టు మీద సిద్ధంగా ఉంది. పెంకు వలిచి వెలుతురుకు పట్టి చూస్తే మచ్చలు లేవు, ఒంటిపై ఎరుపు లేదు, గట్టు వెంట చచ్చిన రొయ్య లేదు. వనామీలో మచ్చలు స్పష్టంగా కనిపించకుండానే వైట్ స్పాట్ రావచ్చు గనుక కంటిచూపుతో వదిలేయకుండా నమూనా పీసీఆర్ పరీక్షకు పంపించాం. వైట్ స్పాట్ నెగటివ్. ఈహెచ్‌పీ పాజిటివ్.

రిపోర్టు చూసి ఆయన అడిగిన ప్రశ్న ఇక్కడ రాయక తప్పదు: “ఈహెచ్‌పీ అంటే ఎలక్ట్రిక్ మోటార్ హెచ్‌పీనా సార్? డీజిల్‌వి పెట్టమంటారా?” నవ్వు రాలేదు. అది రొయ్య లివర్ కణాల్లో చేరే అతి సూక్ష్మ పరాన్నజీవి పేరుకు పొడి అక్షరాలని, వైట్ స్పాట్‌లా ఒక్కసారిగా చంపదని, ఎదుగుదలను తినేస్తుందని, తెల్ల పెంటతో కలిసి కనిపించడం మామూలని చెప్పాను. ఆ తర్వాత లివర్ అన్నాను, హెచ్‌పీ అనలేదు.

చేసిన పనులు కొత్తవేమీ కావు. కొత్త ఏరియేటర్లు తీయించి పాతవాటి దిశ సరిచేయించాం. మేతను మొదట సగానికి తగ్గించి, చెక్ ట్రే చూస్తూ మెల్లగా పెంచుకుంటూ వచ్చాం. మధ్య బురద తీయించి, నీళ్లు కొంత మార్చి, ఖనిజ లవణాలు, ప్రోబయాటిక్స్ నడిపించాం. తెల్ల పెంట పది రోజుల్లో తగ్గింది, పూర్తిగా పోలేదు. పట్టుబడి డీవోసీ 96న. మొదటి చెరువు 48 కౌంట్, ఎఫ్‌సీఆర్ 1.3. రెండో చెరువు 75 కౌంట్, ఎఫ్‌సీఆర్ 1.8. బరువు టన్ను కొంచెం దాటింది. మొత్తం మీద ఆయనకు లాభం లేదు, అప్పు కూడా కాలేదు.

ఏ పాపం ఎవరిది

ఈహెచ్‌పీ సీడుతో వచ్చి ఉండాలి, లేదా లీజు చెరువు అడుగు మట్టిలో ముందే ఉండాలి. ఒక పొడి మాటను తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల రోగం రాదు. ఆ మాటకు ఆరు రోజుల పూర్తి మేతను, లేచిన బురదను మాత్రమే కట్టగలం. అవి లేకుంటే రెండో చెరువు 60 కౌంట్ దాకా వచ్చేదని నా అంచనా, రుజువు చేయలేను. డీవోసీ 48న వల దిగి ఉంటే మాత్రం చేతికొచ్చేదెంతో లెక్క తేలికే: 140 కౌంట్ మీద ఏడు క్వింటాళ్లు.

ఈ కేసుకు ముందే మా గ్రూపులో పొడి అక్షరాల పట్టిక ఒకటి ఉంది. రెండు పేజీలది. కొత్తగా చేరిన ప్రతివారికీ పంపుతాం. ఈయన ఫోనులోనూ ఉంది. హెచ్‌పీకి ఎదురుగా రెండు అర్థాలూ ఉన్నాయి. ఆయన తెరవలేదు, తెరవరు కూడా. తెలియని మాట కోసం పట్టిక తెరుస్తాం గానీ ఇరవై ఏళ్లుగా వాడుతున్న మాట కోసం ఎవరు తెరుస్తారు? కొత్తవాళ్ల గందరగోళం అంటే మనం వాళ్లు నోరు తెరిచి అడిగే మాటలనే లెక్కపెడతాం. ఈ కేసులో ఆయన అడిగిన ఒక్క మాటా చెరువు దాకా వెళ్లి హాని చేయలేదు. హాని చేసిన రెండు మాటలూ ఎవరూ అడగనివి. ఒకటి ఆయనకు తెలుసనుకున్నది, ఇంకొకటి పెద్దలకు తెలుసనుకున్నది.

ఇది తేలాక మిగతా కొత్త సభ్యులతో విడివిడిగా మాట్లాడాను. మా గ్రూపులో ఇంజనీరింగ్ చదివి వచ్చిన కుర్రవాళ్లున్నారు, వరి మానేసి వచ్చినవాళ్లున్నారు, భర్త గల్ఫ్‌లో ఉంటే చెరువు తానే చూసుకుంటున్న ఒక ఇల్లాలు ఉంది. అందరికీ ఒకటే పరీక్ష: ఫలానా సందేశం వస్తే రేపు ఉదయం మీరు చేసే పని చెప్పండి. మాటకు అర్థం అడగలేదు, చేసే పని అడిగాను. కౌంట్ పెరిగిందంటే సంతోషించినవారు ఒకరికి మించి దొరికారు. కౌంట్ అంటే కిలోకు తూగే రొయ్యల సంఖ్య. రొయ్య పెరిగేకొద్దీ కౌంట్ తగ్గుతుంది, వంద నుంచి యాభైకి దిగితే పండగ. లెక్క అన్నాక పెరిగితే మంచిదే అనుకోవడం ఎవరి తప్పూ కాదు. డీవోసీ అడిగితే డీవో చెప్పినవారున్నారు. మొదటిది రోజుల సంఖ్య, రెండోది నీటిలో కరిగిన ఆక్సిజన్. ఈ కలగాపులగం అంత ప్రమాదం కాదు, 4.5 అని జవాబు వస్తే అది రోజు కాదని అవతలివాడికి తెలిసిపోతుంది. ఇంజనీరింగ్ కుర్రవాడు ‘క్రాష్ అయింది’ అంటే గట్టు తెగిందేమో అనుకున్నాడు. నీటిలోని ఆకుపచ్చ ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చిపోవడాన్ని అలా అంటాం. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయేది ఇలాంటప్పుడే.

ఆ ఇల్లాలికి మాత్రం ఒక్క తప్పూ రాలేదు. కారణం అడిగితే, “నేను ఏదీ గ్రూపులో చదివి చేయను అన్నా. మా చెరువు కాపలా పెద్దాయనకు చదివి వినిపించి, ఇప్పుడు ఏమి చేద్దాం మామా అని అడుగుతాను” అంది. మేము తర్వాత పెట్టుకున్న పద్ధతి ఇంచుమించు ఆమెదే.

గ్రూపులో మార్పు

పొడి మాటలు వాడొద్దని నియమం పెడదామని ఒకరిద్దరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. తెల్లవారుజామున మూడింటికి గట్టు మీద తడి చేత్తో ఫోను పట్టుకున్నవాడు హెపటోపాంక్రియాస్ అని రాయడు, రాయాలని అడగడం కూడా అన్యాయం. ఆ అక్షరాలు పుట్టింది తొందరలో పని జరగడానికి. పాతవాళ్ల మధ్య అవి చక్కగా పనిచేస్తున్నాయి.

మార్చింది రెండే. సలహా తీసుకున్నవారు కొత్తవారైతే, తాము చేయబోయే పనిని తమ మాటల్లో ఒక్క వాక్యం తిరిగి రాయాలి. ‘హెచ్‌పీ సెట్ చేస్తాను’ అంటే చెల్లదు. ‘రేపు రెండు ఏరియేటర్లు తెచ్చి దించుతాను’ అని ఆ రాత్రే రాసి ఉంటే ఆ కుర్ర టెక్నీషియన్ నిమిషంలో ఆపేవాడు. రెండోది, చెరువు పట్టమనే సలహా గ్రూపులో రాయకూడదు. ఫోను చేసి, చూసిందేమిటో అడిగి, నోటితో చెప్పాలి.

మొదటి నియమానికి ఎదురు వచ్చింది. “మేమేమైనా బడి నడుపుతున్నామా అబ్బాయా, చెప్పింది అప్పజెప్పించుకోవడానికి?” అని ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. కొంతకాలం ఆయన సలహాలే మానేశారు, గ్రూపుకు అది నిజంగా లోటు. ఇప్పుడు ఆయన రాయడం లేదు, వాయిస్ సందేశాలు పెడుతున్నారు. మాట్లాడేటప్పుడు ఆయనకే తెలియకుండా లివర్ అంటారు, తెల్ల పెంట అంటారు. పొడి అక్షరాలు ఆయన వేళ్లకే గానీ నోటికి అలవాటు లేవు. కొత్తవాళ్లకు ఆ సందేశాలే బాగా పనికొస్తున్నాయి.

మన రైతు రెండో పంటకు సిద్ధమవుతున్నారు. ఈహెచ్‌పీ వచ్చిన చెరువు కాబట్టి అడుగు మట్టి ఆరబెట్టి, దున్ని, సున్నం వేసి, తడిపి, మట్టి పీహెచ్‌ను 12 దాకా ఎక్కించాలి. హెక్టారుకు 6 టన్నుల కాల్చిన సున్నం అంటే ఎకరాకు దాదాపు రెండున్నర టన్నులు. గ్రూపులో ఎవరో “లైమ్ కొట్టండి అన్నా” అని రాశారు. ఆయన నియమం ప్రకారం తిరిగి రాశారు: రేపు యాభై బస్తాల సున్నం దించుతున్నాను, బిల్లు ఇదిగో. బిల్లులో ఉన్నది వ్యవసాయ సున్నం. అది రాతిపొడి. ఎంత వేసినా పీహెచ్ 12కు చేరదు. కావాల్సింది నీళ్లు పడితే కుతకుత ఉడికే కాల్చిన సున్నం. రెండింటినీ కొట్లో సున్నమనే అంటారు, గ్రూపులో లైమ్ అనే అంటారు. మర్నాడు బస్తాలు వెనక్కిచ్చి సరైనది తెచ్చుకున్నారు. కొట్టు యజమాని సరుకు మార్చాడు గానీ బండి బాడుగ మాత్రం ఇవ్వనన్నాడు.